మెండోటా ఒడ్డున కాస్త ఆగండి

పోయిన సంచికలో ఈ శీర్షికలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మాడిసన్ గురించి నాలుగు మాటలు రాశాను. మా అమ్మాయి అక్కడి యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీలో పరిశోధన చేసింది. ఆ రోజుల్లో నేనూ మా వారూ మూడుసార్లు వెళ్ళి, మొత్తం పద్నాలుగు నెలలు ఉన్నాం. ఒకసారి వేసవి, ఒకసారి చలికాలం, ఒకసారి ఆకులు రాలే కాలం చూశాం. ఆ నాలుగు మాటలకే చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ ఊరికే ఇచ్చాను.

ప్రశ్న: మే నెలలో మా అబ్బాయి మాడిసన్‌లో ఎం.ఎస్. పూర్తి చేస్తున్నాడు. పట్టా తీసుకునే రోజుకి మేమిద్దరం వెళ్తున్నాం, పది రోజులు ఉంటాం. వాడికి కారు లేదు. మా వారికి మోకాళ్ళ నొప్పులు. "ఆ ఊళ్ళో ఏముంది, ఒక్కరోజు చాలు, మిగతా రోజులు షికాగో, నయాగరా తిరగండి" అంటున్నారు బంధువులు. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి, తెనాలి

అమ్మా, ముందు మీ అబ్బాయికి నా ఆశీస్సులు. బంధువుల మాట మాత్రం వినకండి. పది రోజులూ మాడిసన్‌లోనే ఉండండి. మరీ మనసైతే ఒక రోజు షికాగో వెళ్ళి రండి. మా మొదటి ప్రయాణంలో నేనూ మీలాగే చుట్టుపక్కల ఊళ్ళ జాబితా రాసుకుని వెళ్ళాను. ఆ తిరుగుళ్ళలో నాకిప్పుడు గుర్తున్నవి బస్టాండులు, హోటల్ గదులు. మాడిసన్‌లో ఊరికే కూర్చున్న సాయంత్రాలు మాత్రం ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

ఊరి రూపం ముందే మనసులో పెట్టుకుంటే తిరగడం తేలిక. ఉత్తరాన మెండోటా సరస్సు, దక్షిణాన మొనోనా సరస్సు, మధ్యలో చెరువు గట్టులాగా సన్నని నేల. ఆ నేల మీద రాష్ట్ర శాసనసభ భవనం. అక్కడి నుంచి పడమటికి స్టేట్ స్ట్రీట్ అనే వీధి మైలు లోపే యూనివర్సిటీకి చేరుస్తుంది. ఆ వీధిలో ఎక్కువ భాగం సొంత కార్లను రానివ్వరు. బస్సులు, సైకిళ్ళు, నడిచేవాళ్ళు, అంతే. మీ వారు నెమ్మదిగా నడిచినా వెనక హారన్ కొట్టేవాళ్ళు ఉండరు. కూర్చోవడానికి బెంచీలున్నాయి. సిటీ బస్సు టికెట్ 2 డాలర్లు. క్యాంపస్‌లో తిరిగే 80 నంబరు బస్సుకి అసలు టికెట్టే లేదు, విద్యార్థులు కానివాళ్ళూ ఎక్కవచ్చు.

మొదటి సాయంత్రమే మెమోరియల్ యూనియన్‌కి వెళ్ళండి. 1928లో తెరిచిన విద్యార్థుల భవనం అది. దాని వెనక టెర్రస్ అని మెండోటా నీళ్ళ దాకా మెట్లు మెట్లుగా దిగే పెద్ద అరుగు ఉంది. ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల్లో, వీపు ఆనే చోట ఉదయించే సూర్యుడి ఆకారం ఉన్న ఇనుప కుర్చీలు వందల కొద్దీ వేసి ఉంటాయి. ఎవరైనా కూర్చోవచ్చు. ఏమీ కొనక్కర్లేదు, ఎవరూ లేవమనరు. మే నెలలో అక్కడ సూర్యుడు రాత్రి ఎనిమిది దాటాక గాని అస్తమించడు. మా వారు రోజూ ఒకే కుర్చీ కోసం చూసేవారు, నీళ్ళకి దగ్గరగా చెట్టు కింద ఉన్న పసుపు రంగుది. పక్క కుర్చీల్లో పరీక్షల పిల్లలు లాప్‌టాప్‌లతో, ఇంకోపక్క డెబ్భై ఏళ్ళ దంపతులు చెస్ ఆడుతూ ఉండేవాళ్ళు. మీ అబ్బాయి రెండేళ్ళు ఎక్కడ బతికాడో మీకు అక్కడే తెలుస్తుంది.

శనివారం ఉదయం శాసనసభ చుట్టూ రైతుబజారు పెడతారు. 1972 నుంచి నడుస్తోంది. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఉంటుంది. పండించినవాళ్ళు, తయారుచేసినవాళ్ళే అమ్మాలి, దళారులకు చోటు లేదు. జనమంతా ఒకే దిశలో, మన ప్రదక్షిణకి ఎదురు దిశలో, చౌకం చుట్టూ నడుస్తారు. మొదటి రోజు నేను అలవాటు కొద్దీ కుడివైపు నుంచి మొదలుపెట్టి ఆ వరదకి ఎదురీదాను. మే నెలలో కూరగాయలు తక్కువే. పాలకూర, ఆస్పరాగస్, నారుమొక్కలు, తేనె, చీజ్ దొరుకుతాయి. అదే ఆగస్టులో అయితే లావోస్ నుంచి వచ్చి స్థిరపడిన మాంగ్ రైతుల బల్లల మీద కాకరకాయలు, బారు చిక్కుళ్ళు చూసి నాకు ప్రాణం లేచివచ్చింది.

బజారు అయ్యాక శాసనసభ లోపలికి వెళ్ళండి, ఉచితం. అంతకుముందున్న భవనం 1904లో కాలిపోతే 1906 నుంచి 1917 వరకు దీన్ని కట్టారు. ఎత్తు 284 అడుగులు, గుమ్మటం తెల్లని గ్రానైటు. పైన బంగారు పూత ఉన్న స్త్రీ విగ్రహం వాషింగ్టన్‌లోని లింకన్ విగ్రహానికి రూపమిచ్చిన శిల్పి డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్‌దే. ఆమె శిరస్త్రాణం మీద చిన్న బ్యాడ్జర్ ఉంటుంది, అది ఈ రాష్ట్రపు జంతువు. కింది అంతస్తులో గుమ్మటం కింద నిలబడి తలెత్తి చూడండి. మీ వారి కోసం పక్కనే రాతి బల్లలున్నాయి.

అక్కడి నుంచి మొనోనా వైపు నాలుగడుగులు వేస్తే మొనోనా టెర్రస్ అనే సభాభవనం. పేరున్న వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ దీనికి మొదటి నమూనా 1938లో గీశారు. ఆయన 1959లో పోయారు. భవనం తెరిచింది 1997లో. దాని పైకప్పే ఒక తోట, సరస్సు మీదికి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. పైకి లిఫ్టు ఉంది.

ఇక నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఆర్బొరేటం అనే వృక్షవనం గురించి చెప్పకుండా ఉండలేను. యూనివర్సిటీదే, 1,200 ఎకరాలు. మే నెల మధ్యలో అక్కడ లైలాక్ తోట పూస్తుంది. ఆ వాసన గాలి వాటున ఎంత దూరమైనా వస్తుంది. ఇంకా లోపలికి వెళ్తే కర్టిస్ ప్రెయిరీ, సుమారు 70 ఎకరాల గడ్డిమైదానం. పాతకాలంలో ఈ ప్రాంతంలో చాలాచోట్ల అలాంటి గడ్డే. నాగళ్ళు వచ్చి దున్నేశాయి. 1935లో ఒక పాత పొలాన్ని తీసుకుని, అక్కడక్కడా మిగిలిపోయిన పాత గడ్డినేలల నుంచి గడ్డినీ పూలమొక్కలనీ తెచ్చి నాటి, పోయిన మైదానాన్ని తిరిగి తేవడానికి పూనుకున్నారు. లోకంలో ఇలాంటి పునరుద్ధరణల్లో ఇదే మొదటిదంటారు. చాలా ఏళ్ళు పాఠం నేర్చుకోవాల్సి వచ్చింది. నిప్పు పెట్టకపోతే ఆ గడ్డి బతకదు. బయటి నుంచి వచ్చిన మొక్కలూ పొదలూ కమ్మేస్తాయి. అందుకే ఇప్పుడు నిర్ణీత కాలానికి జాగ్రత్తగా తగలబెడతారు. నేను చూసినప్పుడు ఒక నేల ముక్క నల్లగా మాడి ఉంది, మూడు వారాల తర్వాత వెళ్తే అక్కడే పచ్చగా మొలకలు. ఇక్కడికి మాత్రం బస్సు సరిగ్గా లేదు, మీ అబ్బాయిని ఒక పూట క్యాబ్ మాట్లాడమనండి.

జూకి వెళ్తే, హెన్రీ విలాస్ జూ, టికెట్ ఉండదు. దాని వెనక ఒక తల్లిదండ్రుల దుఃఖం ఉంది. విలాస్ దంపతుల కొడుకు హెన్రీ మధుమేహంతో చిన్న వయసులోనే పోయాడు. ఇన్సులిన్ ఇంకా రాని రోజులు. 1904లో వాళ్ళు ఆ నేలని ఊరికి ఇస్తూ ప్రవేశానికి ఎప్పుడూ డబ్బు తీసుకోకూడదని షరతు పెట్టారు. 1911లో జంతువులు వచ్చాయి. ఇప్పటికీ ఆ మాట మీదే నడుస్తోంది.

క్యాంపస్‌లో బాస్కమ్ హిల్ అనే గుట్ట ఉంది. మీ వారు ఎక్కవద్దు, నిటారుగా ఉంటుంది. మీరు ఒక్కరూ నెమ్మదిగా ఎక్కండి. పైన లింకన్ విగ్రహం దాటాక బాస్కమ్ హాల్ గోడకి ఒక కంచు ఫలకం. 1894లో ఒక ఆచార్యుడి భావాల మీద విచారణ జరిగింది. ఆయన్ని నిర్దోషిగా తేల్చి పాలకమండలి రాసిన వాక్యాలు అవి. సత్యం దొరకాలంటే జల్లించడం, తూర్పారబట్టడం నిర్భయంగా సాగుతూనే ఉండాలని దాని సారం. మనమూ ఒకరి మాటని నిలదీస్తే "తూర్పారబట్టారు" అంటాం కదా. కళ్ళం మాట అంత దూరంలో గోడ మీద కనపడేసరికి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇంకొక్క సంగతి. మా వారు గుండె కవాటం ఆపరేషన్ తర్వాత, రక్తం గడ్డకట్టకుండా, వార్ఫరిన్ అనే మందు వాడతారు. ఆ మందు పుట్టిల్లు మా అమ్మాయి డిపార్ట్‌మెంటే. 1933లో మంచుతుఫానులో ఒక పాడిరైతు చచ్చిన పెయ్యనీ, గడ్డకట్టని రక్తం నింపిన పాలక్యానునీ తీసుకుని ఆ డిపార్ట్‌మెంటు ఆచార్యుడు కార్ల్ పాల్ లింక్ ల్యాబుకి వచ్చాడు. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం కారి చనిపోతున్నాయి. ఆ గడ్డిలోని విషం ఏమిటో ఏళ్ళ తరబడి వెతికి పట్టుకున్నారు. దాని వంశంలోదే వార్ఫరిన్. ముందు ఎలుకల మందు, తర్వాత మనుషుల మందు. విస్కాన్సిన్ పూర్వవిద్యార్థుల పరిశోధన సంస్థ పొడి అక్షరాలు 'వార్ఫ్', అదే పేరులో ఉంది. మా వారు ఆ భవనం ముందు నిలబడి చేతులు జోడించారు. శాస్త్రవేత్త హరగోవింద్ ఖొరానా కూడా 1960 నుంచి పదేళ్ళు ఈ ఊళ్ళోనే పనిచేశారు, 1968లో నోబెల్ వచ్చినప్పుడు ఇక్కడే ఉన్నారు.

పట్టా పండుగ పైకప్పు లేని స్టేడియంలో జరుగుతుంది. మే అయినా చలిగాలి ఉంటుంది. చీర మీదికి మంచి కోటు, వాన కోటు, కింద వేసుకోవడానికి దళసరి గుడ్డ ఒకటి తప్పనిసరిగా తీసుకెళ్ళండి.

ప్రశ్న: షికాగోలో దిగి మాడిసన్ ఎలా చేరాలి? ఏ నెల మంచిది?
— ఒక పాఠకుడు, వరంగల్

షికాగో ఓహేర్ విమానాశ్రయం నుంచి నేరుగా క్యాంపస్‌కి బస్సు ఉంది, మూడు మూడున్నర గంటలు. మాడిసన్‌లో ప్రయాణికుల రైలు ఆగదు. జూన్ నుంచి సెప్టెంబరు హాయిగా ఉంటుంది. ఆకుల రంగుల కోసమైతే అక్టోబరు. కానీ సెప్టెంబరు నుంచి నవంబరు వరకు శనివారాల్లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఆ ఊళ్ళో ఉందేమో ముందు చూసుకోండి. స్టేడియంలో 75 వేల పైన జనం పడతారు. మేము చూసుకోకుండా వెళ్ళి, ఒక హోటల్లో మామూలు అద్దెకి మూడింతలు కట్టి రెండు రాత్రులు ఉన్నాం. ఇప్పటికీ బాధే.

ప్రశ్న: మా అక్క దగ్గరికి జనవరిలో వెళ్ళాల్సి వస్తోంది. అంత చలిలో చూడటానికేమైనా ఉంటుందా? గడ్డకట్టిన సరస్సు మీద నడవచ్చంటారు, నిజమా? భయంగా ఉంది.
— డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

నడవచ్చు తల్లీ. నేను అరవై రెండో ఏట నడిచాను. మెమోరియల్ యూనియన్ టెర్రస్ మెట్లు దిగి మంచు మీద కాలు పెట్టినప్పుడు గుండె దడదడలాడింది. పది నిమిషాల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఊరంతా ఒడ్డు మీద కనిపించింది. అడుగున నీళ్ళు, పైన నేను. కాసేపటికి మంచు లోపలి నుంచి పెద్ద వీణ తీగ తెగినట్టు మోత వచ్చింది. చలి హెచ్చుతగ్గులకి మంచు సాగుతూ ముడుచుకుంటూ చేసే చప్పుడది, పక్కన చేపలు పట్టుకునే పెద్దాయన చెప్పాడు. మంచులో బొరియ తొలిచి, బకెట్ బోర్లించి కూర్చుని గాలం వేస్తారు వాళ్ళు.

కానీ భయం పూర్తిగా వదలకు. తేటగా గట్టిగా ఉన్న మంచు కనీసం 4 అంగుళాలు ఉంటే గాని మనిషి నడవకూడదంటారు. నది కలిసే చోట, పగుళ్ళ దగ్గర, ఊటలున్న చోట మంచు పలచగా ఉంటుంది. ఒంటరిగా వద్దు. జనం నడుస్తున్న చోటే, అక్కడివాళ్ళని అడిగాకే దిగు. డిసెంబరు చివర్లో మెండోటా గడ్డకట్టడం ఒకప్పుడు రివాజు. 1850ల నుంచి ఏ రోజు గడ్డకట్టింది, ఏ రోజు కరిగింది అని రాసి పెడుతూ వస్తున్నారు. ఆ లెక్కల్లో మంచు ఉండే కాలం దాదాపు నెల తగ్గింది. కరిగినట్టు ఎలా తేలుస్తారనుకున్నావు? సరస్సులోకి చొచ్చుకొచ్చిన పిక్నిక్ పాయింట్ నుంచి అవతలి ఒడ్డున ఉన్న మేపుల్ బ్లఫ్ దాకా పడవ వెళ్ళగలిగిన రోజు కరిగినట్టు లెక్క.

ఫిబ్రవరి దాకా ఉంటే, మంచు బాగా పట్టిన ఏళ్ళల్లో టెర్రస్ ముందు లిబర్టీ విగ్రహం తల, కాగడా మాత్రమే పైకి తేలినట్టు నిలబెడతారు. విద్యార్థి నాయకులు "గెలిపిస్తే లిబర్టీ విగ్రహాన్ని తెస్తాం" అని మాట ఇచ్చి, గెలిచాక 1979లో అలా పెట్టారు. వాళ్ళే అదే ఏడు బాస్కమ్ హిల్ మీద 1,008 ప్లాస్టిక్ ఫ్లెమింగోలు గుచ్చారు. 2009లో నగర కౌన్సిల్ ప్లాస్టిక్ ఫ్లెమింగోని ఊరి అధికారిక పక్షిగా ప్రకటించింది.

బూట్లు అక్కడే కొనుక్కో. నేను ఇక్కడ కొన్నవాటితో వెళ్ళి రెండో రోజే బస్‌స్టాప్ దగ్గర జారిపడ్డాను, మణికట్టు నెల రోజులు వాచింది. మంచు మీద అడుగులు దగ్గర దగ్గరగా, పాదం మొత్తం ఆనిస్తూ వెయ్యాలి, చేతులు జేబుల్లో పెట్టకూడదు. బాగా చలేసిన రోజు ఓల్‌బ్రిక్ తోటలోని గాజు మందిరానికి వెళ్ళు. చిన్న టికెట్ ఉంటుంది. బయట సున్నా కింద 15 డిగ్రీలు, లోపల అరటి ఆకులు! అదే తోట ఆరుబయట థాయ్ మండపం ఉంది. మాడిసన్ యూనివర్సిటీలో చదువుకున్న థాయ్ పూర్వవిద్యార్థులూ, థాయ్ ప్రభుత్వమూ ఇచ్చిన కానుక. థాయ్‌లాండ్‌లో కట్టి, విప్పి, ఓడలో తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. బంగారు రేకు మీద మంచు పడితే ఎలా ఉంటుందో నువ్వే చూడు.

ప్రశ్న: జులైలో పిల్లలతో వెళ్తున్నాం. సరస్సులో ఈత కొట్టనివ్వచ్చా?
— ఒక తండ్రి, నెల్లూరు

ముందు బోర్డు చదవండి. వేసవిలో బీచ్‌ల నీళ్ళు పరీక్షిస్తారు, బాగోలేకపోతే మూసేస్తారు. నీళ్ళ మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే పిల్లల్ని తాకనివ్వకండి. నాచు అంటారు గాని అది సయనోబాక్టీరియా, కొన్ని రకాలు విషం తయారుచేస్తాయి. చుట్టూ పాడి పొలాలు. పొలాల్లో చల్లిన పేడ ఎరువులోని ఫాస్ఫరస్ వానకి కొట్టుకొచ్చి సరస్సుల్లో చేరుతుంది, దాని మీద ఇవి విరగబడి పెరుగుతాయి. ఉత్తర అమెరికాలో సరస్సుల శాస్త్రం పుట్టిందే మెండోటా ఒడ్డున, బర్జ్, జూడే అనే ఇద్దరు ఆచార్యుల చేతుల మీదుగా. అంతగా చదివిన సరస్సుకే ఈ గతి పట్టడం నాకు నిజంగా మనసు కష్టపెట్టింది. బీచ్ తెరిచి ఉండి, నీళ్ళు తేటగా ఉన్న రోజున మాత్రం నిశ్చింతగా దింపండి. లేకపోతే పిక్నిక్ పాయింట్ అనే నేల నాలుక మీద నడిపించండి. మైలుకి కాస్త తక్కువ సరస్సులోకి చొచ్చుకుపోతుంది. దారిలో ఇక్కడి ఆదివాసుల పూర్వీకులు కట్టిన మట్టిదిబ్బలున్నాయి, ఎక్కనివ్వకండి. ఈ నేల హోచంక్ అనే ఆదివాసులది. 'నాలుగు సరస్సులు' అని అర్థం వచ్చే టేజోప్ అనే పేరు వాళ్ళు పెట్టుకున్నది. 1832 ఒప్పందంతో ఈ నేలని వాళ్ళ చేత వదిలించారు.

ప్రశ్న: మేం శాకాహారులం. చీజ్ తినవచ్చా?
— ఒక గృహిణి, కర్నూలు

చీజ్ కోసం పాలు విరగ్గొట్టడానికి వాడే రెనెట్ కొన్నిటిలో దూడ పొట్ట నుంచి తీసింది, చాలావాటిలో సూక్ష్మజీవుల నుంచి తయారైంది. లేబుల్ మీద 'ఎంజైమ్స్' అని మాత్రమే ఉంటే తెలియదు. రైతుబజారులో అయితే చేసినవాళ్ళే ఎదురుగా ఉంటారు, "వెజిటేరియన్ రెనెట్టా?" అని అడగండి, విసుక్కోకుండా చెప్తారు. ఆ రోజు చేసిన చీజ్ కర్డ్స్, అంటే తాజా చీజ్ ముక్కలు, పళ్ళ కింద కీచుమంటాయి, మర్నాటికి ఆ చప్పుడు పోతుంది. హోటళ్ళలో వేయించిన కర్డ్స్ తినేముందు పిండిలో బీరు కలిపారేమో కనుక్కోండి. క్యాంపస్‌లోని బాబ్‌కాక్ డెయిరీ ఐస్‌క్రీమ్‌కి గొప్ప పేరు. అక్కడా జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమో అడిగే తినండి.

ప్రశ్న: మాడిసన్‌లో తెలుగు చదువులు ఉండేవని విన్నాను. ఇప్పుడు వెళ్తే ఏమైనా కనిపిస్తుందా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

మీ జిల్లా మనిషే మాస్టారూ, వెల్చేరు నారాయణరావు గారు. దశాబ్దాల పాటు ఆ యూనివర్సిటీలో తెలుగు చెప్పారు. తెలుగు ముక్క రాని పిల్లలు ఆ మంచుఊళ్ళో కూర్చుని మన పద్యాలు చదువుకున్నారు. వేసవి భాషా తరగతుల్లోనూ తెలుగు నేర్పుతూ వచ్చారు. ఏటా అక్టోబరులో దక్షిణాసియా సదస్సు జరుగుతుంది, అప్పుడు వెళ్తే మన దేశం గురించి పనిచేసే పండితులు ఎందరో కనిపిస్తారు.

మీరు తప్పకుండా చూడాల్సింది మెమోరియల్ లైబ్రరీ. స్టేట్ స్ట్రీట్ చివరే. మన చిన్నప్పుడు అమెరికా నుంచి వచ్చిన పి.ఎల్. 480 గోధుమలు తిన్నాం, గుర్తుందా? ఆ గోధుమలకి మన ప్రభుత్వం కట్టిన రూపాయల్లో కొంత ఖర్చుపెట్టి, 1960లలో మన భాషల పుస్తకాలు కొని అమెరికా లైబ్రరీలకు పంపారు. ఆ దారిన వెళ్ళిన తెలుగు పుస్తకాలు అక్కడ అరల నిండా ఉన్నాయి. మన ఊరి గ్రంథాలయంలో చెదలు తినేసినవి కొన్ని అక్కడ గట్టి అట్టలతో భద్రంగా కనిపించాయి. మా వారు నేలమీదే చతికిలబడి ఒక మధ్యాహ్నమంతా చదువుకున్నారు. నేను కిటికీ దగ్గర దీపం వెలుతురులో కూర్చున్నాను, బయట మంచు పడుతోంది. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి, ద్వారం దగ్గర కౌంటర్‌లో అడిగితే లోపలికి ఎలా వెళ్ళాలో చెప్తారు. కళ్ళజోడు మరిచిపోకండి.